కాఫ్కాను ఇంగ్లీషులో పలికించిన విల్లా మ్యూర్

ఇరవయ్యో శతాబ్దపు నవలను మలుపు తిప్పిన రచయితల్లో ఫ్రాంజ్ కాఫ్కా ఒకడని ఈనాడు ఎవరూ వాదించి నిరూపించనక్కరలేదు. అయితే ప్రాగ్ నగరంలో పుట్టి జర్మన్ భాషలో రాసిన ఆ రచయిత, జర్మన్ రాని పాఠకలోకానికి చాలామేరకు ఇంగ్లీషు ద్వారానే చేరాడనీ, ఆ ఇంగ్లీషు పుస్తకాల మీద 1930 నుంచి కనిపించే ఎడ్విన్ మ్యూర్, విల్లా మ్యూర్ అనే పేర్లు స్కాట్లండుకు చెందిన భార్యాభర్తలవనీ, వారిలో భార్య స్వయంగా చెప్పుకోదగిన నవలాకారిణి అనీ ఎరిగినవారు తక్కువ. ఎడ్విన్ కవిగా, విమర్శకుడిగా ప్రసిద్ధుడు కావడం వల్ల అనువాదకీర్తిలోనూ పెద్ద వాటా అతనికే దక్కింది. విల్లా పేరు చాలాకాలం భర్త పేరుకు తోకగా మిగిలిపోయింది. ఆమె డైరీలనూ ఉత్తరాలనూ రాతప్రతులనూ పరిశోధకులు చదివిన తరువాత మాత్రం వేరే చిత్రం బయటపడింది: ఆ అనువాదాల్లో అధికభాగం ఆమె శ్రమేననీ, ఆమె జీవితకాలంలో ప్రచురితమైన నవలలు రెండింటికే పరిమితం కావడానికి ఆ శ్రమ కూడా ఒక ముఖ్య కారణమనీ తేలింది. విల్లా మ్యూర్‌ను సరిగా అంచనా కట్టాలంటే ఆమె నవలలనూ అనువాదాలనూ విడదీయకుండా, ఒకే మనసు ఒకే కాలంలో చేసిన కృషిగా చదవవలసి ఉంటుంది.

మూడు భాషల నడుమ బాల్యం

విల్హెల్మినా జాన్‌స్టన్ ఆండర్సన్ 1890 మార్చి 13న స్కాట్లండు తూర్పు తీరంలోని మాంట్రోజ్ అనే చిన్న రేవు పట్టణంలో జన్మించింది. తల్లిదండ్రులు బ్రిటన్‌కు ఉత్తరపు కొసన ఉన్న షెట్లండ్ దీవుల నుంచి వచ్చి స్థిరపడినవారు. బట్టల వ్యాపారం చేసే తండ్రి ఆమె చిన్నతనంలోనే చనిపోయాడు. షెట్లండ్ దీవులు పదిహేనో శతాబ్దంలో స్కాట్లండు పాలనలోకి రాకముందు నార్వే, డెన్మార్క్ రాజుల ఏలుబడిలో ఉండేవి కాబట్టి, నార్న్ అనే పాత స్కాండినేవియన్ భాష ఛాయలు అక్కడి జనం మాటలో చాలాకాలం నిలిచాయి. విల్లాకు ఇంట్లో వినిపించింది ఆ షెట్లండ్ మాట, వీధిలో తోటిపిల్లల నోట వినిపించింది ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన స్కాట్స్ భాష, బడిలో పంతుళ్లు నేర్పింది ప్రామాణికమైన ఇంగ్లీషు. మనిషిని బట్టి, చోటును బట్టి మాట మార్చుకోవలసిన అవసరం ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. ఊళ్లో పుట్టి పెరిగినా ఆ ఊరికి పూర్తిగా చెందని కుటుంబం కావడంతో, చుట్టుపక్కలవారి మర్యాదలనూ కట్టుబాట్లనూ కొంచెం ఎడంగా నిలబడి గమనించే చూపు కూడా అప్పుడే అలవడింది. ఆమెలోని అనువాదకురాలికీ నవలాకారిణికీ ఈ బాల్యమే పునాది.

ఉపకార వేతనంతో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేరిన విల్లా, గ్రీకు, లాటిన్ సాహిత్యాల అధ్యయనమైన క్లాసిక్స్‌లో మొదటి శ్రేణిలో పట్టా పొందింది. స్త్రీలకు ఉన్నత విద్య అప్పుడప్పుడే అందుబాటులోకి వస్తున్న కాలంలో, మధ్యతరగతికి అటూ ఇటూగా ఉన్న వలస కుటుంబపు పిల్ల సాధించిన విజయం అది. తరువాత ఆమె లండన్ వెళ్లి పిల్లల మనస్తత్వ శాస్త్రాన్ని చదివి, ఉపాధ్యాయినులకు శిక్షణ ఇచ్చే జిప్సీ హిల్ కళాశాలలో ఉప ప్రధానాచార్యురాలిగా చేరింది.

పెళ్లి, ప్రయాణం

1918లో గ్లాస్గో నగరంలో ఆమెకు ఎడ్విన్ మ్యూర్ పరిచయమయ్యాడు. ఆర్క్‌నీ దీవుల్లో రైతు కుటుంబంలో పుట్టిన ఎడ్విన్, పద్నాలుగేళ్ల వయసులో కుటుంబంతో కలిసి గ్లాస్గోకు వలస వచ్చి, కొద్ది సంవత్సరాల్లోనే తల్లినీ తండ్రినీ ఇద్దరు అన్నలనూ పోగొట్టుకున్నాడు. పట్టాలేవీ లేకుండా గుమాస్తా పని చేసుకుంటూ సొంతంగా చదువుకుని, అప్పటికే ఒక వ్యాస సంపుటిని ప్రచురించాడు. 1919 జూన్‌లో వారిద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఎడ్విన్ పుస్తకంలోని నాస్తిక ధోరణి కళాశాల యాజమాన్యానికి రుచించకపోవడంతో విల్లా తన ఉద్యోగాన్ని వదులుకోవలసి వచ్చింది. పెళ్లినాటికి చదువులోనూ సంపాదనలోనూ ముందున్నది భార్యే. ఆ పెళ్లికోసం స్థిరమైన ఉద్యోగాన్ని విడిచిందీ ఆమే. అయితే ఆ నిర్ణయానికి ఆమె ఎన్నడూ పశ్చాత్తాపపడలేదు. ఎడ్విన్‌తో కలిసి గడిపిన జీవితాన్ని తన జీవితపు పెన్నిధిగానే చివరివరకూ భావించింది.

అమెరికా పత్రిక ఒకటి ఎడ్విన్ వ్యాసాలకు మంచి పారితోషికం ఇవ్వడంతో, 1921లో దంపతులిద్దరూ యూరప్ బయలుదేరారు. మొదటి మజిలీ ప్రాగ్. అక్కడ కారెల్ చాపెక్ వంటి చెక్ రచయితలతో స్నేహం కుదిరింది కానీ, అదే నగరంలో ఉన్న కాఫ్కాను వారు కలుసుకోలేదు. అతని పేరు కూడా వారికి తెలియదు. వారు ప్రాగ్‌లో ఉన్న ఆ చలికాలంలోనే, 1922 తొలి నెలల్లో, కాఫ్కా తన చివరి నవల రాయడం మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్ల తరువాత ఆ నవలే ఈ దంపతుల చేతుల మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ప్రాగ్ నుంచి వారు జర్మనీలోని డ్రెస్డెన్‌కు, దాని శివారు గ్రామమైన హెల్లరావుకు చేరారు. పిల్లల స్వేచ్ఛే చదువుకు ఆధారమని నమ్మి, తరువాతి కాలంలో ఇంగ్లండులో సమ్మర్‌హిల్ పాఠశాలతో పేరు తెచ్చుకున్న స్కాటిష్ విద్యావేత్త ఏ. ఎస్. నీల్ అప్పట్లో హెల్లరావులో ఒక పాఠశాల నడిపేవాడు. విల్లా అక్కడ పాఠాలు చెప్పింది. జర్మన్ భాష మీద వారిద్దరికీ పట్టు చిక్కింది ఈ కాలంలోనే. భాషలు నేర్వడానికి అలవాటుపడిన విల్లాకు అది మరింత త్వరగా వశమైంది. ఇటలీ, ఆస్ట్రియాల్లోనూ కొంతకాలం గడిపి 1924లో వారు బ్రిటన్ తిరిగివచ్చారు.

అనువాదమే జీవనాధారం

జర్మన్ నాటకకర్త గెర్హార్ట్ హాప్ట్‌మన్ రచనలతో మొదలైన అనువాద వ్యాసంగం కొద్దికాలంలోనే కుటుంబానికి ప్రధానమైన ఆదాయమయింది. పద్దెనిమిదో శతాబ్దపు జర్మనీలో ఒక యూదు ఆర్థిక మంత్రి ఉత్థాన పతనాలను చిత్రించిన లియోన్ ఫాయిష్ట్‌వాంగర్ నవల 'జ్యూ స్యూస్' 1926లో వారి అనువాదంలో వెలువడి బ్రిటన్, అమెరికాల్లో విస్తారంగా అమ్ముడుపోయింది. ఆ విజయంతో ప్రచురణకర్తలు ఒకదాని వెంట ఒకటిగా జర్మన్ పుస్తకాలు అప్పగించసాగారు. మొదటి ప్రపంచయుద్ధానికి పూర్వాపరాల్లో విలువలు కూలిపోతున్న జర్మన్ సమాజాన్ని మూడు భాగాల్లో చూపిన హెర్మన్ బ్రోఖ్ బృహన్నవల 'ది స్లీప్‌వాకర్స్' 1932లో వచ్చింది. షోలెం ఆష్, హైన్రిష్ మన్ వంటివారి నవలలూ ఆ వరసలోనివే. ఇవి కాక విల్లా ఒంటరిగా ఆగ్నెస్ నీల్ స్కాట్ అనే మారుపేరుతో హాన్స్ కరోస్సా ఆత్మకథాత్మక రచనలనూ, క్రిస్టా విన్స్‌లో నవలనూ అనువదించింది.

ఈ పనికి సాహిత్య విలువతోపాటు చారిత్రక విలువ కూడా ఉంది. 1933లో హిట్లర్ అధికారానికి వచ్చిన తరువాత మ్యూర్‌లు అనువదించిన రచయితల్లో పలువురి పుస్తకాలు జర్మనీలో నిషేధానికి గురయ్యాయి. ఫాయిష్ట్‌వాంగర్, హైన్రిష్ మన్ ప్రవాసానికి వెళ్లారు. 1938లో ఆస్ట్రియాను నాజీలు ఆక్రమించినప్పుడు అరెస్టయి విడుదలైన బ్రోఖ్‌ను బ్రిటన్‌కు రప్పించడానికి సహాయపడినవారిలో మ్యూర్ దంపతులు కూడా ఉన్నారు. అతడు కొన్ని వారాలపాటు సెయింట్ ఆండ్రూస్‌లోని వారి ఇంట్లోనే తలదాచుకున్నాడు. సొంత భాషలో చోటు కోల్పోయిన ఒక సాహిత్యం మరో భాషలో నిలదొక్కుకోవడానికి ఈ అనువాదాలు తోడ్పడ్డాయి.

కాఫ్కా

1924లో క్షయవ్యాధితో మరణించిన కాఫ్కా, తన రాతప్రతులను కాల్చివేయమని మిత్రుడు మాక్స్ బ్రోడ్‌ను కోరగా, బ్రోడ్ ఆ కోరికను పక్కనపెట్టి అసంపూర్ణ నవలలను సవరించి ప్రచురించాడు. వాటిలో కోట అనే అర్థం గల 'దాస్ ష్లాస్' 1926లో వెలువడింది. ఒక గ్రామానికి భూమి కొలతల పనిమీద వచ్చిన కె. అనే వ్యక్తి, ఊరిని పాలించే కోటలోని అధికారులను చేరుకోలేక, తన నియామకానికి గుర్తింపు పొందలేక పడే పాట్లు ఆ నవలకు వస్తువు. 1930లో 'ది కాసిల్' పేరుతో మ్యూర్‌లు చేసిన అనువాదమే ఇంగ్లీషులో పుస్తకరూపంలో వచ్చిన మొదటి కాఫ్కా రచన. నేరమేమిటో చెప్పకుండానే ఒక బ్యాంకు ఉద్యోగిని విచారణకు ఈడ్చే 'ది ట్రయల్' 1937లోనూ, 'అమెరికా' 1938లోనూ వచ్చాయి. కథల సంపుటాలు 1933లోనూ 1940ల చివరిలోనూ వెలువడ్డాయి. కాఫ్కా పేరు బ్రిటన్‌లో ఎవరికీ తెలియని రోజుల్లో అతని గొప్పతనాన్ని గుర్తించి ప్రచురణకర్తలను ఒప్పించినవారు ఈ దంపతులే. తరువాతి దశాబ్దాల్లో పెంగ్విన్ వంటి సంస్థలు చౌక ప్రతులుగా ముద్రించింది కూడా ఈ అనువాదాలనే. ఇంగ్లీషు ద్వారా కాఫ్కా నవలలను చదివిన దాదాపు రెండు తరాల పాఠకులు, వారు ఏ దేశంవారైనా, చదివింది చాలావరకు మ్యూర్‌ల వాక్యాలనే.

ఆ వాక్యాల బలం వాటి తేటదనంలో ఉంది. జర్మన్ వాక్యంలో ఉపవాక్యాలు ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి, చాలా సందర్భాల్లో క్రియ చివరిదాకా రాదు; ఇంగ్లీషు వాక్యం అంతసేపు ఆగలేదు. ఈ తేడా కేవలం వ్యాకరణానికి సంబంధించినది కాదనీ, వాక్యనిర్మాణంలో ఒక సమాజం అధికారాన్ని చూసే తీరు కూడా కొంత ప్రతిఫలిస్తుందనీ విల్లా 1959లో అనువాదం గురించి ప్రచురించిన వ్యాసభాగంలో వాదించింది. ఆమె సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోకపోవచ్చు గానీ, ఆమె అనువాదం వెనుక ఎంత ఆలోచన సాగిందో ఆ వ్యాసం తెలియజేస్తుంది. కాఫ్కా పాత్రలు ఒక మాట చెప్పి, దానికి మినహాయింపు చేర్చి, ఆ మినహాయింపుకు మరో మినహాయింపు చేర్చే తర్కాన్ని, ఇంగ్లీషు చెవికి ఎబ్బెట్టుగా తోచకుండా నిలబెట్టడం చిన్న పని కాదు.

లోపాలు కూడా లేకపోలేదు. అనువాదానికి ఆధారమైన బ్రోడ్ ప్రతులు రచయిత విరామ చిహ్నాలనూ అధ్యాయ విభజననూ మార్చినవి. మ్యూర్‌ల ఇంగ్లీషు ఆ గరుకుదనాన్ని మరికొంత నునుపు చేసింది. 'ది కాసిల్'‌కు ఎడ్విన్ రాసిన పీఠిక ఆ నవలను దైవానుగ్రహం కోసం సాగే అన్వేషణగా వ్యాఖ్యానించడంతో, ఇంగ్లీషు పాఠకులు చాలాకాలం కాఫ్కాను మతదృష్టితోనే చదివారు. రాతప్రతుల ఆధారంగా మాల్కం పాస్లీ సిద్ధం చేసిన 'దాస్ ష్లాస్' శుద్ధప్రతి 1982లో వెలువడగా, ఇలాంటి శుద్ధప్రతులను అనుసరించి 1998లో మార్క్ హార్మన్, బ్రియాన్ మిచెల్ కొత్త అనువాదాలు ప్రచురించారు. తొలి అనువాదకులకు ఆ శుద్ధప్రతులు అందుబాటులో లేవన్న సంగతి మరువకుండా చూస్తే, వారి కృషి పట్ల గౌరవం తగ్గదు.

నవలాకారిణి

'ది కాసిల్' వెలువడిన మరుసటి సంవత్సరమే, 1931లో, విల్లా మొదటి నవల 'ఇమాజిన్డ్ కార్నర్స్' వచ్చింది. కథ మొదటి ప్రపంచయుద్ధానికి ముందు కాల్డర్‌విక్ అనే చిన్న పట్టణంలో జరుగుతుంది; అది పేరు మార్చిన మాంట్రోజ్. చదువుకున్న ఎలిజబెత్ అనే యువతి అక్కడి షాండ్ కుటుంబంలోని హెక్టర్‌ను ప్రేమించి పెళ్లాడి ఆ ఊరికి కోడలిగా వస్తుంది. భర్తకు తగినట్టుగా, అత్తింటివారికి నచ్చినట్టుగా తనను తాను మలచుకోవడానికి ఆమె చేసే ప్రయత్నం క్రమంగా ఆమె వ్యక్తిత్వాన్నే కరిగించివేస్తుంది. ఎన్నో ఏళ్ల క్రితం ఊరి కట్టుబాట్లను ధిక్కరించి యూరప్‌కు వెళ్లిపోయిన హెక్టర్ సోదరి తిరిగిరావడంతో కథ మలుపు తిరుగుతుంది. ఆమె అసలు పేరు కూడా ఎలిజబెత్ షాండ్. ఒకే పేరు గల ఇద్దరు స్త్రీలు, ఒకరు లొంగిపోతున్నవారు, మరొకరు తెంచుకుని వెళ్లినవారు, ఒకరిలో మరొకరు తమ రెండో సగాన్ని చూసుకుంటారు. హెక్టర్ భార్యను విడిచిపోయిన తరువాత వారిద్దరూ కలిసి ఊరు విడుస్తారు. పెళ్లితో గానీ మరణంతో గానీ ముగిసే స్త్రీ కథకు అలవాటుపడిన కాలంలో ఇది సాహసోపేతమైన ముగింపు.

1933లో వచ్చిన రెండో నవల 'మిసెస్ రిచీ' మరింత చీకటి కథ. అదే కాల్డర్‌విక్‌లో పేదింట్లో పుట్టిన తెలివైన పిల్ల ఆనీ, చదువుకునే దారి మూసుకుపోయి, ఆ శక్తినంతా కఠినమైన మతనిష్ఠలోకి మళ్లించి, చివరికి సొంత భర్తనూ పిల్లలనూ న్యాయాధిపతిలా శాసిస్తూ వారి జీవితాలను ధ్వంసం చేస్తుంది. ఈ నవల తీవ్రత తెలియాలంటే స్కాట్లండు మతచరిత్ర కొంత ఎరగాలి. 1560లో జాన్ నాక్స్ నాయకత్వంలో ఆ దేశం స్వీకరించిన సంస్కరణ, బిషప్పుల పెత్తనం లేకుండా పెద్దల సభలే చర్చిని నడిపే ప్రెస్బిటేరియన్ వ్యవస్థకు దారితీసింది. ఎవరికి మోక్షం, ఎవరికి నరకం అన్నది దేవుడు ముందే నిర్ణయించి ఉంచాడన్న కాల్విన్ సిద్ధాంతం దాని పునాది. ఆ నమ్మకం ప్రజల అక్షరాస్యతనూ క్రమశిక్షణనూ పెంచినా, ఇరుగుపొరుగు నడవడి మీద నిఘా ఉంచడాన్ని ధర్మంగా మార్చింది. 1936లో ప్రచురించిన 'మిసెస్ గ్రండీ ఇన్ స్కాట్లండ్' అనే వ్యాసగ్రంథంలో విల్లా ఈ నిఘా స్వభావాన్నే విశ్లేషించింది. మిసెస్ గ్రండీ అంటే, ఒక పాత ఇంగ్లీషు నాటకంలో పేరు వినిపించడమే తప్ప ఎన్నడూ రంగం మీదికి రాకపోయినా, నలుగురూ ఏమనుకుంటారో అనే భయానికి మారుపేరైన పాత్ర.

కాఫ్కా అనువాదాల తేదీలనూ ఈ నవలల తేదీలనూ పక్కపక్కన ఉంచితే ఒక బంధుత్వం కనిపిస్తుంది. కనిపించని అధికారం, ఎవరూ వివరించని నియమాలు, తప్పేమిటో తెలియకుండానే తప్పుచేశానన్న భావనతో కుంగిపోయే మనిషి కాఫ్కా నవలలకు కేంద్రం. విల్లా నవలల్లో ఆ అధికారం చర్చి వేదిక నుంచీ, అత్తింటి విందు బల్ల నుంచీ, వీధి కిటికీ తెరల వెనుక నుంచీ పనిచేస్తుంది. ఒకరు మరొకరిని అనుకరించారని చెప్పడానికి వీలులేదు. సమాజం మనిషి అంతరంగంలోకి జొరబడి అక్కడ న్యాయస్థానం పెట్టడం విల్లా చిన్ననాటి నుంచి చూసిన సత్యం కాబట్టే, కాఫ్కా వాక్యం ఆమెకు పరాయిదిగా తోచలేదని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు. తేడా కూడా ముఖ్యమైనదే: కాఫ్కా కథానాయకులు పురుషులు, విల్లా అదే అధికారం స్త్రీ శరీరం మీద, చదువు మీద, దాంపత్యం మీద ఎలా పనిచేస్తుందో చూపింది.

శ్రమ ఎవరిది, పేరు ఎవరిది

అనువాదం ఎలా సాగేదో చెబుతూ, పుస్తకాన్ని రెండుగా చీల్చి చెరిసగం అనువదించి, ఒకరి భాగాన్ని మరొకరు నిశితంగా సరిదిద్దుకునేవాళ్లమని విల్లా తన స్మృతిగ్రంథంలో రాసింది. అయితే 1953లో తన కోసమే రాసుకున్న డైరీలో ఆమె మాట వేరుగా ఉంది: అనువాదంలో తానే మెరుగైనదాన్ననీ, ముఖ్యంగా కాఫ్కా పనిలో ఎక్కువ భాగం తనదేననీ, ఎడ్విన్ సహాయం మాత్రమే చేశాడనీ, పురుషాధిక్య సమాజం ఆ సంగతిని గుర్తించడానికి సిద్ధంగా లేదనీ ఆమె ఆవేదనతో రాసుకుంది. భర్త పట్ల ప్రేమా, తన శ్రమ మరుగున పడిందన్న బాధా ఆమెలో ఒకే సమయంలో ఉన్నాయి. ఒకటి నిజమైతే మరొకటి అబద్ధం కానక్కరలేదు. ఎడ్విన్‌కు కవిత్వానికి తీరిక కల్పించడం తన బాధ్యతగా ఆమె భావించింది; ఇంటిపని, కొడుకు పెంపకం, ప్రసవం తరువాత వదలని అనారోగ్యం, గడువులోగా అప్పగించవలసిన అనువాదాలు ఇవన్నీ కలిసి ఆమె సొంత రచనకు మిగిల్చిన సమయం స్వల్పం. లండన్‌లో ఇల్లు నడుపుకుంటూ అనువాదాలు చేసే స్త్రీ కథగా 1930ల చివరిలో రాసిన 'మిసెస్ ముటో అండ్ ది టాప్ స్టోరీ', రెండో ప్రపంచయుద్ధం తరువాత ఎడ్విన్ బ్రిటిష్ కౌన్సిల్ ఉద్యోగిగా ప్రాగ్‌లో ఉన్నప్పటి అనుభవాల మీద రాసిన 'ది యూజర్పర్స్' ఆమె జీవితకాలంలో అచ్చు కాలేదు.

స్త్రీల సృజనశక్తి గురించి ఆమెకు స్పష్టమైన అభిప్రాయాలు ఉండేవి. 1925లో లెనార్డ్, వర్జీనియా వుల్ఫ్ దంపతుల హోగార్త్ ప్రెస్ ప్రచురించిన 'విమెన్: యాన్ ఇంక్వైరీ' అనే వ్యాసంలో, స్త్రీ సృజన మనుషులను తీర్చిదిద్దడంలోనూ, పురుషుని సృజన వ్యవస్థలనూ ఆలోచనలనూ నిర్మించడంలోనూ వ్యక్తమవుతుందనీ, రెండింటికీ సమాన గౌరవం దక్కాలనీ ఆమె వాదించింది. నేటి స్త్రీవాదులు ఈ విభజనను అంగీకరించరు. తన జీవితంలో ఆ విభజన ఎంత మూల్యం అడిగిందో ఆమె డైరీయే చెబుతుంది.

చివరి సంవత్సరాలు

1959 జనవరిలో ఎడ్విన్ మరణించాడు. జానపద కథాగేయాలైన బాలడ్ల మీద గ్రంథం రాయడానికి అతనికి మంజూరైన సహాయంతో ఆ పనిని విల్లా పూర్తిచేసి, 1965లో 'లివింగ్ విత్ బాలడ్స్' ప్రచురించింది. చిన్ననాడు బడి మైదానంలో పాడుకున్న ఆటపాటల నుంచి మొదలుపెట్టి, చదువురాని జనం నోట పాట ఎలా బతికిందో వివరించే ఆ పుస్తకంలో, షెట్లండ్ మాటా మాంట్రోజ్ వీధీ మళ్లీ ఆమె రచనకు ఆధారమయ్యాయి. ఎడ్విన్‌తో గడిచిన జీవితాన్ని వివరించే 'బిలాంగింగ్' 1968లో వెలువడింది. 1970 మే నెలలో, ఎనభై ఏళ్ల వయసులో, స్కాట్లండులోని డనూన్‌లో ఆమె కన్నుమూసింది.

1987లో 'ఇమాజిన్డ్ కార్నర్స్' పునర్ముద్రణ పొందడంతో కొత్త పాఠకులు ఏర్పడ్డారు. ఆ తరువాత ఐలీన్ క్రిస్టియన్సన్ ఆమె రచనలమీద ప్రత్యేక గ్రంథం రాసింది. మార్జరీ పామర్ మెకల్లక్ దంపతులిద్దరి సాహిత్యజీవితాన్ని సమానదృష్టితో పరిశీలించింది. ఈ అధ్యయనాలన్నీ చెప్పేది ఒక్కటే: అనువాదకుని పేరు ముఖపత్రం మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి, ఆ పేరు స్త్రీది అయితే, అందులోనూ ప్రసిద్ధుడైన భర్త పేరు పక్కన ఉంటే, శ్రమను పేరును బట్టి కాక పనిని బట్టి లెక్కకట్టే పాఠకులూ పరిశోధకులూ కావాలి. కాఫ్కాను చదివేటప్పుడు అనువాదకురాలిని కూడా గుర్తించడం, ఆమె నవలలను ఆ అనువాదాల పక్కనే ఉంచి చదవడం విల్లా మ్యూర్‌కు న్యాయం చేసే మార్గం. అది మొహమాటపు మన్నింపుగా కాక, ఆమె సంపాదించుకున్న హక్కుగా ఆమెకు దక్కాలి.